తెల్ల బెల్టు నుంచి బ్రౌన్ బెల్టు దాకా: నా అనుభవం

కరాటే బెల్టుల రంగులకు అర్థమేంటని అడిగితే మా క్లాసులో రెండో తరగతి పిల్లలు కూడా ఊపిరి తిప్పుకోకుండా అప్పజెప్తారు. తెలుపు అంటే మంచు కింద పడుకున్న విత్తనం, పసుపు అంటే దాని మీద పడిన తొలి ఎండ, నారింజ అంటే ఆ ఎండ ముదరడం, ఆకుపచ్చ అంటే మొలక, నీలం అంటే మొక్క తలెత్తి చూసే ఆకాశం, బ్రౌన్ అంటే పంట పండి గింజ కట్టడం, నలుపు అంటే... నలుపు దగ్గరికి వచ్చేసరికి ఒక్కొక్కరు ఒక్కో మాట చెప్తారు. గ్రేడింగ్ రోజు, అంటే బెల్టు మారడానికి పెట్టే పరీక్ష రోజు, నోటితో అడిగే ప్రశ్నల్లో ఇది తప్పకుండా ఉంటుంది కాబట్టి అందరితో ఎక్కంలా బట్టీ పట్టిస్తారు. నేనూ పట్టాను, ముప్పై అయిదు దాటాక.

నాది నల్గొండ. ప్రకాశం బజారు వైపు మాకో చిన్న మ్యాచింగ్ సెంటర్ ఉంది, పొద్దంతా నా పని రంగులతోనే. చీర తెచ్చి కౌంటర్ మీద పరిచి "దీనికి బ్లౌజ్ పీసు చూపియ్ అక్కా" అన్నవాళ్లకు ఒక్క ఆకుపచ్చలోనే చిలకపచ్చ, రామా గ్రీన్, మెహందీ గ్రీన్, బాటిల్ గ్రీన్ అన్నీ తీసి, ట్యూబ్‌లైట్ కింద నమ్మొద్దని గడప బయట ఎండలోకి తీసుకెళ్లి మరీ చూపిస్తాను. పుట్టిల్లు పుట్టపాక. మాది మగ్గాల ఇల్లు, నాన్న అద్దకంలో చేయి తిరిగిన మనిషి. ఫలానా రంగుకు ఫలానా అర్థం అని ఎవరైనా అంటే నాకు ముందు తట్టేది ఆ రంగు ఎవరు వేశారు, ఎట్లా వేశారు, ఎందుకు అదే వేశారు అన్న ప్రశ్నలే. అందుకే కరాటే నేర్చుకోవడం ఒక పక్క, ఈ బెల్టుల సంగతి తవ్వుకోవడం ఒక పక్క, రెండూ కలిసే నడిచాయి.

చేరడం వెనక పెద్ద కథేం లేదు. మా పాపను సాయంత్రం క్లాసులో దింపి, అయిపోయేదాకా మెట్ల మీద కూర్చుని ఫోన్ చూసుకునే అమ్మల్లో నేనొకదాన్ని. మాస్టర్ ఒకరోజు "ఊరికే కూర్చునే బదులు వెనక లైన్లో నిలబడండి మేడమ్, ఫీజు తర్వాత చూసుకుందాం" అన్నారు. మిగతావాళ్లు నవ్వారు, నేను నిలబడ్డాను. రెండో వారానికి తెల్ల డ్రెస్సు కొనుక్కున్నాను. ఇంట్లో అసలు గొడవ అక్కడే మొదలైంది.

మా అత్తమ్మకు నేను గెంతులేయడం మీద అభ్యంతరం లేదు, ఆమె అభ్యంతరమల్లా రంగు మీద. "ముత్తైదువవు, తెల్లబట్ట కట్టుకొని బయటికి పోతవా?" అంది. మెల్లగా సర్దిచెప్పి, ఇది మొదటి మెట్టే అత్తమ్మా, పైకి పోయేకొద్దీ రంగు మారుతుంది అన్నాను. ఆఖరికి ఏ రంగొస్తదని అడిగింది. నలుపు అన్నాను. ఆమె నా మొహం చూసి "తెలుపుతోని మొదలువెట్టి నలుపుకు పోతరా? నడుమల ఆ పసుపు దగ్గర్నే ఆగు బిడ్డా, అది మంచిగుంటది" అంది. మా పాప మధ్యలో దూరి బ్లాక్ బెల్టు అంటే ఎంత గొప్పో వివరించబోతే, "నీకు పురుడు వెళ్లినంకనే నల్ల మొలతాడు కట్టినం, గప్పుడే అయిపోయింది నీ బ్లాక్ బెల్టు" అని కొట్టిపారేసింది. ఇంట్లో అందరం నవ్వాం, అయినా ఆమె మాటలో పాయింట్ ఉంది. మన దగ్గర పసుపు శుభం, నలుపు దిష్టికి. అదే వరస జపాన్ వాళ్ల బెల్టులో చూస్తే మనవాళ్లకు తలకిందులుగానే కనిపిస్తుంది.

తెల్ల బెల్టులో మొదటి పాఠం దాన్ని కట్టుకోవడం. బెల్టు నడిమి భాగాన్ని బొడ్డు మీద ఆనించి, రెండు కొసలనూ వెనక్కి తిప్పి ముందుకు తేవాలి. పైనున్న కొసను రెండు చుట్ల కిందుగా దూర్చి పైకి లాగాలి, తర్వాత రెండు కొసలతో ముడి వేయాలి. ముడి అడ్డంగా పడాలి, నిలువుగా పడితే విప్పి మళ్లీ కట్టిస్తారు. కొసలు రెండూ సమానంగా వేలాడాలి. కొత్త బెల్టు బిర్రుగా ఉంటుంది కాబట్టి నాలుగు తన్నులు తన్నేసరికి ముడి వదులై జారిపోతుంది, క్లాసు మధ్యలో పక్కకు తిరిగి మోకాలి మీద కూర్చుని కట్టుకోవాలి. నా కళ్లు మాత్రం కుట్ల మీద పడ్డాయి. నాలుగు సెంటీమీటర్ల వెడల్పు పట్టీ, లోపల మందం కోసం ఇంకో బట్ట, దాని మీద పొడవునా పక్కపక్కనే వరుసలుగా మిషన్ కుట్లు. ఆ కుట్ల వల్లే అది మెలిపడకుండా పట్టీలా నిలబడుతుంది.

రెండో పాఠం వరసలో నిలబడటం. ఇది నాకు అన్నిటికంటే కష్టంగా అనిపించింది, తన్నడం కంటే కూడా. క్లాసు మొదట్లో, చివర్లో బెల్టు ప్రకారం నిలబడాలి, పెద్ద బెల్టులు ముందు, చిన్న బెల్టులు వెనక. వయసు లెక్కలోకి రాదు. మా పాప అప్పటికే పసుపు, కాబట్టి నా కంటే ముందు వరసలో ఉంటుంది. ఎత్తు నా నడుము దాకా కూడా రాని ఒక ఆకుపచ్చ బెల్టు పిల్లాడు నా ముందుకొచ్చి "ఆంటీ, ముందు మోకాలు ఇంకా వంచండి, వెనక కాలు నిటారుగా పెట్టండి" అని చెప్తే తల వంచి "ఒస్" అనాలి. ఇంట్లో వాడి ఈడు పిల్లలు మనకు మంచినీళ్లు తెచ్చిస్తారు, ఇక్కడ మనకు పాఠం చెప్తారు. బెల్టు రంగుకు ఎన్ని అర్థాలు చెప్పినా రోజూ పనికొచ్చేది మాత్రం ఇదే అని నాకు అప్పుడే తోచింది. ఒక్క మాస్టర్, ఎదురుగా అరవై మంది. ఎవరికి ఏం వచ్చో, ఎవరితో ఎవరిని కొట్లాడించొచ్చో, ఎవరికి కొత్త పాఠం చెప్పొచ్చో ఆయన పేర్లు గుర్తుపెట్టుకోనక్కర్లేదు, నడుముల వైపు చూస్తే చాలు.

మొదటి గ్రేడింగ్ ఒక ఫంక్షన్ హాల్లో పెట్టారు. పరీక్ష తీసుకోవడానికి హైదరాబాద్ నుంచి ఒక పెద్ద సార్ వచ్చారు. మోకాళ్ల మీద కూర్చోబెట్టారు, మడమల మీద బరువేసి, వీపు నిటారుగా. నా నంబరు వచ్చేసరికి పాదాలకు తిమ్మిరి పట్టి అవి నావేనా అనిపించింది. కిహోన్, కతా, కుమితే, ఇట్లా మూడు భాగాలు. కిహోన్ అంటే గుద్దులు, తన్నులు, అడ్డుకోవడాలు వరసగా చేసి చూపడం. కతా అంటే కనపడని శత్రువులతో ముందే నిర్ణయించిన వరసలో కొట్లాడటం. కుమితే అంటే ఎదురుగా నిలబడ్డ మనిషితో కొట్లాడటం. మేం నేర్చుకునేది షోటోకాన్ అనే కరాటే శాఖ కాబట్టి మా మొదటి కతా హియాన్ షోదాన్, ఇరవై ఒక్క కదలికలు, రెండు చోట్ల గట్టిగా అరవాలి. ఆ అరుపే నాకు రాలేదు. ఇంట్లో పిల్లల మీద, షాపులో సప్లయర్ మీద ఫోన్లో బాగానే అరుస్తాను గానీ, హాలు నిండా జనం చూస్తుండగా కడుపులోంచి "కియాయ్" అనమంటే గొంతు పెగల్లేదు. ఆ సార్ "రెండోసారి" అన్నారు. రెండోసారి వెనక గోడ దగ్గర కూర్చున్న ఎవరి చంటిదో ఏడుపు అందుకునేలా అరిచాను.

పసుపు చేతికొచ్చాక రంగుల అర్థాల కథ మీద నాకు మొదటి అనుమానం పుట్టింది, అదీ నావల్ల కాదు. తిప్పర్తి వైపు నుంచి రోజూ కూతుర్ని బండి మీద తీసుకొచ్చే రైతు ఒకాయన ఉన్నాడు, బత్తాయి తోట ఉంది. పిల్లలు అర్థాలు అప్పజెప్తుంటే విని విని ఒకరోజు నాతో, "ఇది ఉల్టా ఉంది మేడమ్. బత్తాయి ముందుగాల పచ్చగుంటది, ఎనకకు పసుపైతది. వరి గూడ గంతే. మీ దాంట్ల పసుపు ముందొచ్చి పచ్చ తర్వాతొస్తది, ఇదేం పంట?" అన్నాడు. పసుపు ఎండ అండీ, పంట కాదు అన్నాను. "ఎండైతే మరి పచ్చ మొలిచినంక పోయిందా?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. మాస్టర్‌ను అడిగితే, పిల్లలు గుర్తుపెట్టుకోవడానికి చెప్పే కథ మేడమ్, మాకూ మా మాస్టర్ అట్లాగే చెప్పారు అని నవ్వేశారు.

అక్కడి నుంచి చదవడం మొదలుపెట్టాను. తేలిందేంటంటే ఈ రంగుల బెల్టులు వేల ఏళ్ల నాటివేం కావు, అసలు కరాటేలో పుట్టినవే కావు. కరాటే ఒకినావా దీవుల్లోది, అక్కడ పాతకాలంలో నేర్చుకున్నవాళ్లకు బెల్టూ లేదు, గ్రేడూ లేదు, మామూలు బట్టల్లో గురువుగారి పెరట్లో నేర్చుకునేవాళ్లు. నల్ల బెల్టు జూడో నుంచి వచ్చింది. జూడోను మొదలుపెట్టిన జిగోరో కానో 1882లో టోక్యోలో కొదోకాన్ అనే బడి పెట్టాడు. జపాన్‌లో గో అనే పలక ఆట ఆడేవాళ్లకు ముందు నుంచే "దాన్" అనే స్థాయిలు ఉండేవి, కానో ఆ పద్ధతిని తన విద్యార్థులకు తెచ్చాడు. దాన్ వచ్చినవాళ్లు కంటికి తెలియడానికి 1880ల్లోనే నల్ల పట్టీ కట్టించాడు. ఒకినావా నుంచి ఫునాకోషి గిచిన్ 1922లో టోక్యో వచ్చి కరాటే ప్రదర్శించాడు, కానో ఆయన్ని ఆదరించాడు. ఫునాకోషి ఆ దాన్‌లు, నల్ల బెల్టుల పద్ధతినే తీసుకుని 1924లో తన విద్యార్థులు కొందరికి కరాటేలో మొదటి దాన్‌లు ఇచ్చాడు. అంటే కరాటేలో బ్లాక్ బెల్టుకు ఇప్పుడు ఇంచుమించు వందేళ్లు.

మరి పసుపు, నారింజ, ఆకుపచ్చ? అవి ఇంకా తర్వాతివి. 1930ల్లో పారిస్‌లో జూడో నేర్పిన కవాయిషి మికినోసుకే ఈ రంగుల వరసకు పేరు తెచ్చాడు. తెలుపుకూ నలుపుకూ నడుమ ఏళ్ల తరబడి ఏ గుర్తూ లేకుండా నేర్చుకోమంటే ఐరోపాలో జనం నిలవరు కదా, అందుకని మధ్యలో మెట్లు. తర్వాత ఇదంతా ప్రపంచమంతా పాకింది, కరాటేలోకీ వచ్చింది. విత్తనం, ఎండ, మొలక అనే కథ మెట్లు కట్టాక అతికించిందే అని నా నమ్మకం. అందుకే ఒక్కో స్టైల్లో ఒక్కో వరస. షోటోకాన్, గోజు-ర్యు, షితో-ర్యు, వాదో-ర్యు అని పెద్ద శాఖలే నాలుగున్నాయి, వాటిలో మళ్లీ సంఘానికొక లెక్క. ఒక చోట నీలం తర్వాత ఊదా ఉంటుంది, ఇంకో చోట ఊదాయే ఉండదు, మరో చోట ఆకుపచ్చ, నీలం తారుమారవుతాయి. అర్థం రంగులోనే పుట్టి ఉంటే ఇన్ని రకాలెందుకు ఉంటాయి?

ఇంకో కథ కూడా ఉంది, అది నాకు మొదట బాగా నచ్చింది. కరువు రోజుల్లో ఒక్కో మెట్టుకూ కొత్త బెల్టు కొనలేక ఉన్నదానికే ముదురు రంగు అద్దుకునేవాళ్లట, అందుకే లేత నుంచి ముదురుకు వరస కుదిరిందట. ఇది అద్దకం తెలిసినవాళ్లకు వెంటనే నమ్మబుద్ధవుతుంది. లేత మీద ముదురు వేయొచ్చు, ముదురు మీద లేత ఎక్కదు. మా ఇంట్లో తేలియా రుమాలుకు, అంటే మా ఊళ్లో నేసే నూనె నూలు బట్టకు, నూలు అద్దేటప్పుడు కూడా ఏది తెల్లగా ఉండాలో అది కట్టు కట్టి, మిగతాది ఎరుపులో ముంచి, ఆ తర్వాతే నలుపు. పండక్కి పుట్టపాక పోయినప్పుడు నాన్నకు ఈ కథ చెప్పాను, సంబరపడతాడనుకుంటే నాన్న వరస మొత్తం ఇంకోసారి చెప్పమన్నాడు. తెలుపు, పసుపు, నారింజ, ఆకుపచ్చ, నీలం, బ్రౌన్, నలుపు అన్నాను. కాసేపు వేళ్ల మీద లెక్కేసుకున్నాడు. "తెలుపు మీద పసుపు ఎక్కుతది. పసుపు మీద జరంత ఎరుపు వేస్తే నారింజ, అదీ అయితది. పసుపు మీద నీలం వేస్తే పచ్చ. కానీ నువ్వు నడుమల నారింజ తెచ్చినవ్ గద, నారింజ మీద నీలం వోస్తే పచ్చ యాడికెల్లొస్తది? మట్టిరంగొస్తది" అన్నాడు. నాకు నోట మాట రాలేదు. నిజమే, నారింజలో ఎరుపు ఉంది, దాని మీద నీలం పడితే రంగు చచ్చి గోధుమ వన్నెకు తిరుగుతుంది. ఆ కథ నిజమైతే ఆరెంజ్ తర్వాత సీదా బ్రౌనే రావాలి. కావాలంటే చూడమని నాన్న రంగుల గదిలో మిగిలిన నూలు కండె ఒకటి తెచ్చి ముంచి చూపించాడు. పైకి తీసి పిండితే, నీళ్లు కారుతూ అచ్చం మా సీనియర్ల నడుముకు ఉండే రంగు.

అట్లా రైతు లెక్కలో పసుపు దగ్గర, నాన్న లెక్కలో ఆరెంజ్ దగ్గర కథలు రెండూ తెగిపోయాయి. ఆ తర్వాత ఫునాకోషి, కానో సంగతులు కూడా చెప్పి, జూడోలో ఆరో దాన్ నుంచి ఎరుపు తెలుపు ముక్కల బెల్టు, తొమ్మిది, పది దాన్‌లకు పూర్తి ఎరుపు ఉంటాయి నాన్నా అన్నాను. అంటే వాళ్ల అసలు రంగులు తెలుపు, నలుపు, ఎరుపా అన్నాడు. అంతే అన్నాను. తేలియా రుమాలులోనూ ఆ మూడే. ఆముదపు కాయల బూడిద, నూనె కలిపి నూలును రోజుల తరబడి నానబెట్టి, ఎరుపు, నలుపు అద్ది, తెలుపు వదిలి నేసేది అది. పుట్టపాక రుమాలుకు 2020లో జీఐ గుర్తింపు, అంటే అది ఫలానా ఊరి సరుకేనని సర్కారు ఇచ్చే ముద్ర, కూడా వచ్చింది. నాన్న తృప్తిగా తలూపి "మంచిగున్నయ్. మిగిలినయన్నీ ఫ్యాన్సీ" అని తేల్చేశాడు.

ఆ ఫ్యాన్సీ రంగుల్లోనే నాకు మూడేళ్లు పైన పట్టింది మరి. కథల సంగతి అట్లా ఉంచితే, ఒక్కో రంగులో నా ఒంటికి జరిగింది ఒక్కోటి, అది మాత్రం ఎవరూ చెప్పలేదు. పసుపులో అంతా ఉషారు. ప్రతి క్లాసుకూ కొత్త తన్ను, కొత్త గుద్దు, ఇంటికొచ్చి గోడకు ఎదురుగా చేసుకోవడం. ఆరెంజ్‌కు వచ్చేసరికి కొత్తవి తగ్గిపోతాయి, పాతవే సరిగ్గా చేయమంటారు. బరువు డెబ్బై శాతం వెనక కాలి మీద మోపి నిలబడే కొకుత్సు దాచి మొదటి కతాలో చివర్లోనే తగులుతుంది, తర్వాతి కతా హియాన్ నిదాన్‌లో మొదటి కదలిక నుంచే వస్తుంది. ముందు కాలి మీద బరువేసి నిలబడటానికే నెలలు పట్టిన మనిషిని ఇప్పుడు వెనక్కి మార్చు అంటారు. తుంటి దగ్గర పట్టేస్తుంది, షాపులో స్టూల్ ఎక్కి పై అర అందుకోవాలన్నా అబ్బా అనిపిస్తుంది. మా క్లాసులో మానేసినవాళ్లలో ఎక్కువమంది ఆరెంజ్‌లోనే మానేశారు. ట్యూషన్ అంటారు, పరీక్షలు అంటారు, అసలు కారణం విసుగు. నాతో పాటు వెనక లైన్లో నిలబడ్డ ఇద్దరు అమ్మలు కూడా అక్కడే ఆగిపోయారు. రంగుల కథల్లో దేనిలోనూ సరిగ్గా ఇమడని రంగు అదే, మనుషులు జారిపోయే రంగూ అదే, ఎందుకో నాకు ఇది తమాషాగా అనిపిస్తుంది.

నేను ఆగకపోవడానికి ఒక కారణం టోక్యో ఒలింపిక్స్. 2021 ఆగస్టులో కరాటే మొదటిసారి ఒలింపిక్స్‌లో పెట్టారు. మగవాళ్ల కతాలో బంగారు పతకం ఒకినావా వాడైన ర్యో కియునాకు వచ్చింది, ఆడవాళ్ల కతాలో స్పెయిన్ నుంచి వచ్చిన సాండ్రా సాంచెజ్‌కు. ఆమెకు అప్పుడు ముప్పై తొమ్మిదేళ్లు. ఆ వీడియో చూపించి మా ఆయనతో "చూసినవా, నాకంటే పెద్దామె" అన్నాను. "ఆమె మ్యాచింగ్ సెంటర్ నడపదు కదా" అన్నాడు. ఆ వీడియోల్లో గమనిస్తే ఇంకో సంగతి కనిపిస్తుంది, బరిలో ఉన్న ఇద్దరిలో ఒకరిది ఎర్ర బెల్టు, ఒకరిది నీలం. అది గ్రేడ్ కాదు, ఎవరు ఎటువైపో తెలియడానికి మాత్రమే. మన జిల్లా పోటీల్లోనూ అంతే. మా పాప మొదటిసారి పోటీకి వెళ్లినప్పుడు దాని ఆరెంజ్ బెల్టు విప్పించి ఎర్ర బెల్టు కట్టారు. ఒక పిల్లాడు వచ్చి "ఆంటీ, మీ అమ్మాయి పదో దాన్ అయిపోయింది" అన్నాడు. రెండు నిమిషాల్లో అది ఓడిపోయి బయటికొచ్చి ఆ ఎర్ర బెల్టు తర్వాతి పిల్లకు ఇచ్చేసింది.

ఆకుపచ్చ, నీలం త్వరగానే గడిచాయి. కుమితేలో భయం తగ్గింది, ఎదుటి మనిషి చేతిని కాకుండా భుజాన్ని చూడటం అలవాటైంది. ఆకుపచ్చ వచ్చాక మాస్టర్ చిన్నపిల్లల లైన్ నాకు అప్పగించడం మొదలుపెట్టారు. చెప్పబోతేనే తెలుస్తుంది మనకు ఎంత రాదో. అన్నట్టు హియాన్ కతాలను ఇతోసు అంకో అనే ఒకినావా గురువు ఇరవయ్యో శతాబ్దం మొదట్లో బడి పిల్లల కోసమే కూర్చాడట. అది తెలిశాక పిల్లలు నాకంటే ముందే వాటిని పట్టేస్తుంటే ఉడుక్కోవడం మానేశాను.

బ్రౌన్ దగ్గర పరుగు ఆగిపోతుంది. ఇప్పుడు నేనున్నది అక్కడే. నలుపుకు ముందున్న మెట్లను క్యూ అంటారు, ఆ అంకెలు పై నుంచి కిందికి దిగుతాయి, మొదట్లో ఉన్న పది, తొమ్మిది తగ్గుతూ వచ్చి బ్రౌన్‌లో మూడు, రెండు, ఒకటి అవుతాయి. అంటే ఒకే రంగులో మూడు మెట్లు. బయటివాళ్లకు మీరు ఎదిగినట్టే కనిపించరు. అత్తమ్మ అడగనే అడిగింది, "మొన్న పరీక్షకు పైసలు కట్టినవ్, మళ్ల గదే రంగా?" అని. ఇందులో తెక్కి షోదాన్ అనే కతా ఉంది, మొదటి నుంచి చివరి దాకా గుర్రం మీద కూర్చున్నట్టు కాళ్లు ఎడంగా పెట్టి, తొడలు వంచి, అటూ ఇటూ పక్కలకే కదలాలి. ముందుకూ లేదు, వెనక్కూ లేదు. సగానికి వచ్చేసరికి తొడలు వణుకుతాయి, మాస్టర్ సరిగ్గా అప్పుడే ఆపించి నడుము ఎత్తు సరిచేస్తారు. దాని తర్వాత బస్సాయ్ దాయ్. నలుపుకు కూర్చోవాలంటే అది కడిగినట్టు రావాలి.

బెల్టు ఉతకకూడదు, ఉతికితే అందులో చేరిన శక్తి పోతుంది, ఒకప్పుడు తెల్ల బెల్టే చెమట, మట్టి పట్టి పట్టి నల్లబడేది అని కూడా మా పిల్లలు నమ్ముతారు. బట్టల కొట్టు మనిషిగా చెప్తున్నా, మాసిన తెల్లగుడ్డ బూడిద రంగుకు తిరుగుతుంది, ముక్కిపోతుంది, వాసనొస్తుంది, నల్ల బెల్టు మాత్రం కాదు. శుభ్రంగా ఉతుక్కోండి. పెద్ద మాస్టర్ల బ్లాక్ బెల్టు అంచుల్లో తెల్లబడి పోగులు లేచి ఉంటే చాలా గొప్పగా చెప్పుకుంటారు. అది ఏళ్ల కష్టానికి గుర్తే, అందులో అనుమానం లేదు. దాంతో పాటు అది సాటిన్ బెల్టు అని కూడా గుర్తు. లోపల తెల్ల కాటన్, పైన నల్ల సాటిన్, ముడి పడే చోట సాటిన్ ముందు చిరుగుతుంది. మొత్తం కాటన్‌లో అద్దినదైతే అంత త్వరగా తెల్లబడదు. ఈ మధ్య కొత్తవాటినే గీకి పాతగా చేసుకుంటున్నవాళ్లు కూడా ఉన్నారు, చిరిగిన జీన్స్ ఫ్యాషన్ ఇక్కడికీ వచ్చింది.

పైసల సంగతి కూడా రాయాలి. రంగు మారేకొద్దీ గ్రేడింగ్ ఫీజు పెరుగుతుంది, కింది బెల్టులకు వందల్లో ఉండేది బ్లాక్ బెల్టుకు వేలల్లోకి పోతుంది. ఇన్ని రంగులు పెట్టిందే ఫీజుల కోసమని ఎగతాళి చేసేవాళ్లు మా బజార్లోనే ఉన్నారు, పూర్తిగా తప్పని అనలేను. ఏడాదిన్నరలో బ్లాక్ బెల్టు గ్యారంటీ అని ఫ్లెక్సీ కట్టిన క్లాసు ఒకటి చూశాను. అక్కడ నల్ల బెల్టు తెచ్చుకున్న మా తెలిసినవాళ్ల అబ్బాయి మొదటి కతా మధ్యలో ఎటు తిరగాలో మర్చిపోయి నిలబడ్డాడు. పిల్లాడిదేం తప్పు లేదు పాపం, వాడికి ఇచ్చింది కట్టుకున్నాడు. ఇంకో పక్క సర్కారు బడుల్లో ఆడపిల్లలకు మూడు నెలలు ఆత్మరక్షణ నేర్పుతారు, అక్కడ బెల్టూ లేదు, రంగూ లేదు. మా షాపుకొచ్చే ఒక తొమ్మిదో తరగతి పిల్ల అక్కడ నేర్చుకున్న మణికట్టు విడిపించుకునే పట్టు నా మీదే చేసి చూపించింది. బ్రౌన్ బెల్టు చేయి టక్కున విడిపించుకుపోయింది.

షాపుకొచ్చే అమ్మలు కరాటే గురించి అడుగుతుంటారు, ఏ రంగు తర్వాత ఏ రంగు అని ముందు అడుగుతారు. అది కాదు, ఒక గ్రేడింగ్‌కూ ఇంకో గ్రేడింగ్‌కూ నడుమ ఎన్ని నెలలు పెడతారో అడగండి, ఎవరినైనా ఎప్పుడైనా ఫెయిల్ చేశారా అని అడగండి, పరీక్ష తీసుకునేది ఎవరో అడగండి, బ్లాక్ బెల్టుకు మొత్తం ఎంత అవుతుందో మొదటి రోజే కాగితం మీద రాయించుకోండి. ఒక క్లాసు మొత్తం కూర్చుని చూడండి, మాస్టర్ వెనక లైను దాకా వస్తున్నారా లేదా అని. డ్రెస్సు కాటన్‌దైతే ఒక సైజు పెద్దది తీసుకోండి, మొదటి ఉతుకులోనే కుంచించుకుపోతుంది. కలర్ బెల్టును తెల్ల డ్రెస్సుతో కలిపి ఒకే బకెట్‌లో నానబెట్టకండి, ముఖ్యంగా ఆకుపచ్చ, అది రెండు మూడు ఉతుకుల దాకా రంగు దిగుతూనే ఉంటుంది.